మోడల్ బండి చాసిస్‌కు ఏ వెల్డింగ్? అపోహలు - వాస్తవాలు

మాది మిర్యాలగూడ. ట్రాక్టర్ ట్రాలీలు, రైస్ మిల్లు రిపేర్లు రోజూ ఉండే పని. కాలేజీ ఎగ్జిబిషన్ దగ్గర పడితే మాత్రం పిల్లలు మోడల్ బండి గీసుకొని వస్తారు. ‘అన్నా, టిగ్ చేస్తావా?’ అన్నదే మొదటి ప్రశ్న. టిగ్ అంటే టంగ్‌స్టన్ సూదితో, గ్యాస్ కమ్ముతూ చేసే వెల్డింగ్. పైపు మందం ఎంతో చెప్పరు. అసలు తేలాల్సింది అది.

అపోహ: టిగ్ అయితేనే బలం.
వాస్తవం: మైల్డ్ స్టీల్ లోపలిదాకా కరిగి పట్టుకుంటే ఆర్క్ (రాడ్డుతో చేసేది) అయినా, మిగ్ (గ్యాస్‌తో పాటు వైరు దానంతటదే వచ్చేది) అయినా అతుకు గట్టిదే. టిగ్ అతుకు అందంగా వస్తుంది, కానీ పని నిదానం, వేడి ఎక్కువసేపు పాకుతుంది. తుప్పు, నూనె ఉంటే అసలు కుదరదు.

అపోహ: ఆర్క్ పెడితే సన్న పైపుకు బొక్కలే.
వాస్తవం: ట్రాలీకి వాడే 3.15 ఎం.ఎం. రాడ్డుతో 1.2 ఎం.ఎం. పైపును ముట్టుకుంటే బొక్క పడక ఏమవుతుంది? 2 ఎం.ఎం. 6013 రాడ్డు (మైల్డ్ స్టీల్‌కు మామూలుగా వాడే రకం) తీసుకోండి. 40-60 ఆంప్స్ మధ్య పెట్టి, కొంచెం వేసి ఆపి, చల్లారనిచ్చి మళ్లీ వేయాలి. సందు ఉన్నచోటే ముందు కాలిపోతుంది కాబట్టి పైపు మూతి అతుక్కునేలా ఆకురాయితో రాయడమే సగం పని. 1 ఎం.ఎం. కంటే సన్నదైతే ఆర్క్ మానేసి బ్రేజింగ్ (పైపు కరగకుండా ఇత్తడి కరిగించి అతికించడం) చేయించండి. చేతిలో మిగ్ ఉంటే 0.8 ఎం.ఎం. వైరుతో నేను మిగ్‌కే ఓటేస్తాను. ఒకటే షరతు, ఫ్యాన్ ఆపాలి. గాలికి గ్యాస్ చెదిరితే అతుకు నిండా పిన్ హోల్సే. మే నెల ఎండలో ఫ్యాన్ ఆపమంటే మా హెల్పర్ మొహం చూడాలి!

అపోహ: ఒక మూల పూర్తిచేశాకే రెండోది.
వాస్తవం: ఫ్రేములు వంకర పోయేది ఇక్కడే. అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైపును తనవైపు లాగుతుంది. ఫ్రేమును చదునైన ప్లేటు మీద క్లాంపులతో బిగించి, ముందు నాలుగు మూలలా ట్యాకులు (చిన్న చుక్క అతుకులు) వేయండి. మూల నుంచి ఎదురు మూలకు రెండు క్రాస్ కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో టేపుతో చూసి, ఆ తర్వాత ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా నింపండి. ఒక చక్రం నేలకు ఆనకపోతే సస్పెన్షన్‌ను తిడతారు గానీ, చాలాసార్లు తప్పు ఈ ట్యాకుల దగ్గరే.

అపోహ: పాలు తాగితే జీఐ (జింకు పూత ఉన్న) పైపు పొగ ఏమీ చేయదు.
వాస్తవం: జింకు పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. రాత్రికి చలిజ్వరం రావచ్చు. అతుకు చుట్టూ పూత గీకేసి, పొగ ముఖానికి తగలకుండా కూర్చోండి.

మోటారు, బ్యాటరీ బిగించి తెచ్చిన చాసిస్‌ను నేను ముట్టుకోను. విప్పి తీసుకురండి.