ఇంటి గుట్టు బయటపెట్టిందన్నారు: ఎమీ లెవీ నవల వెనక కథ

1888లో లండన్‌లో మాక్మిలన్ వాళ్లు ఒక చిన్న నవల వేశారు, పేరు 'రూబెన్ సాక్స్'. పట్టుగా కూర్చుంటే ఒక్క పూటలో అయిపోతుంది. రాసింది ఎమీ లెవీ అనే 27 ఏళ్ల యూదు అమ్మాయి. అది చదివి లండన్‌లోని డబ్బున్న యూదు కుటుంబాలు భగ్గుమన్నాయి. మన భాషలో చెప్పాలంటే ఇంటి గుట్టు లంకకు చేటు, ఆ గుట్టు కాస్తా ఈ పిల్ల పరాయివాళ్ల ముందు పెట్టేసిందని.

ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు ఇంగ్లండ్‌లోని యూదుల్నందరినీ వెళ్లగొట్టాడు. మళ్లీ అక్కడ ఉండనిచ్చింది 1656లో, క్రామ్‌వెల్ హయాంలో. ఉండనిచ్చారు సరే, మిగతా తలుపులు మాత్రం ఒక్కొక్కటే, అదీ బాగా సతాయించి తెరిచారు. లయొనెల్ రోత్‌షీల్డ్ 1847లోనే పార్లమెంటుకి గెలిచాడు కానీ క్రైస్తవ ప్రమాణం చెయ్యనన్నందుకు 1858 దాకా సీట్లో కూర్చోలేకపోయాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో మతం అడ్డు దాదాపుగా పోయింది 1871లో. అన్నీ చేతికొచ్చాయనుకునేసరికి 1881 నుంచి రష్యాలో యూదుల మీద దాడులు మొదలై, అక్కడి పేద యూదులు వేలల్లో తూర్పు లండన్‌లో దిగారు. పడమటి లండన్‌లో స్థిరపడ్డ వాళ్లకి అదో టెన్షన్. ఇంగ్లీషువాళ్లు మనందర్నీ ఒకే గాటన కట్టేస్తారేమో అని.

అలాంటి చోట నవల అంటే ఒక రకంగా పరువు పత్రం. 1840లలో గ్రేస్ అగిలార్ అనే యూదు రచయిత్రి రాసింది అదే, యూదుల ఇల్లు ఎంత పవిత్రమో క్రైస్తవ పాఠకులకి అర్థమయ్యేట్టు చెప్పడం. పాపం 31 ఏళ్లకే పోయింది. 1876లో జార్జ్ ఎలియట్ యూదు హీరోతో 'డేనియల్ డెరోండా' నవల రాస్తే, బయటి మనిషి, అంత పెద్ద రచయిత్రి, మనల్ని ఇంత ఎత్తున నిలబెట్టిందే అని యూదులు మురిసిపోయారు. తర్వాత 1887లో జూలియా ఫ్రాంకావ్, ఫ్రాంక్ డాన్బీ అనే మగ పేరుతో, లండన్‌లోని మేడా వేల్ పేట యూదుల్ని ఉతికి ఆరేస్తూ 'డాక్టర్ ఫిలిప్స్' రాసింది. ఆ మంట ఇంకా ఆరకముందే లెవీ పుస్తకం వచ్చి పడింది.

ఈ లెవీ ఎవరంటే, 1861 నవంబరులో క్లాపమ్‌లో పుట్టింది, తండ్రి స్టాక్ బ్రోకరు. 13 ఏళ్లకే కవిత అచ్చయింది. కేంబ్రిడ్జిలోని న్యూనమ్ కాలేజీలో 1879లో చేరిన మొదటి యూదు అమ్మాయి ఈమే. రెండేళ్లకే చదువు ఆపేసి వచ్చేసింది (పూర్తి చేసినా డిగ్రీ ఇచ్చేవాళ్లు కాదులెండి, కేంబ్రిడ్జి ఆడవాళ్లకి డిగ్రీలు ఇచ్చింది 1948లో). కాలేజీ రోజుల్లోనే సోక్రటీస్ భార్య జాంటిపీ గొంతుతో ఒక పెద్ద కవిత రాసింది. లోకమంతా గయ్యాళి అని నవ్వే ఆ మనిషి, నాకూ ఆలోచించాలని ఉండేది, మీ మగవాళ్ల చర్చలోకి నన్ను రానివ్వలేదు అంటుంది. నా లెక్కలో లెవీ తర్వాత రాసినదానికంతటికీ విత్తనం అక్కడే ఉంది.

లండన్‌లో ఆమె ప్రపంచం బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్. మార్క్స్ కూతురు ఎలినార్, రచయిత్రి ఒలివ్ ష్రైనర్, కార్మిక స్త్రీల కోసం పనిచేసిన క్లెమెంటినా బ్లాక్, వీళ్లు ఆమె స్నేహితులు. 1886లో ఫ్లారెన్స్ వెళ్లినప్పుడు వెర్నన్ లీ అనే రచయిత్రి పరిచయమైంది, లెవీ ఆమె మీద మనసుపడి కవిత కూడా రాసింది.

అదే ఏడాది 'జూయిష్ క్రానికల్' పత్రికలో వరసగా వ్యాసాలు రాసింది. నవలల్లో యూదుణ్ణి దేవుణ్ణన్నా చేస్తున్నారు, దెయ్యాన్నన్నా చేస్తున్నారు, మనిషిగా ఎవరూ రాయట్లేదు అని ఒకదాంట్లో గొడవపడింది. మధ్యతరగతి యూదు ఆడపిల్లకి పెళ్లి తప్ప ఇంకో దారి ఉంచలేదని ఇంకోదాంట్లో. అంటే రెండేళ్ల తర్వాత నవలలో చెప్పబోయే మాట ముందే సొంత వాళ్ల పత్రికలో, సొంత వాళ్లకే చెప్పింది. అప్పుడు ఇంత గోల లేదు.

నవల కథ చిన్నదే. రూబెన్ లాయరు, ఎంపీ కావాలని ఆశ. జూడిత్ డబ్బు లేని అమ్మాయి, బంధువుల ఇంట్లో పెరిగింది. ఇద్దరికీ ఇష్టమే, కానీ కట్నం లేని పిల్లని చేసుకుంటే పైకెళ్లేదెలా? ఒక రాత్రి ఇంట్లో డాన్సు జరుగుతుంటుంది, వీళ్లిద్దరూ పక్కకి వచ్చి ఉంటారు, మాట పెదవి దాకా వచ్చేసింది, సరిగ్గా అప్పుడు వీధిలో పేపరు కుర్రాడి కేక: ఫలానా ఎంపీ చనిపోయాడని. రూబెన్ కన్నేసిన సీటు అదే. అంతే, అతని ధ్యాస అటు పోయింది. జూడిత్ చివరికి యూదుమతం పుచ్చుకున్న ఒక డబ్బున్న ఇంగ్లీషువాణ్ణి ప్రేమ లేకుండా చేసుకుంటుంది. రూబెన్ ఎంపీ అవుతాడు, కొద్ది రోజులకే పోతాడు.

ఇందులో ఎస్తర్ అనే ఇంకో అమ్మాయి ఉంది, నాలుక పదును. మగవాళ్లు ప్రతి ఉదయం ప్రార్థనలో నన్ను ఆడదానిగా పుట్టించనందుకు నీకు స్తోత్రం అంటారు కదా, దాన్ని తిరగేసి, నన్ను ఆడదాన్ని చేసిన క్రూరుడివి అని దేవుణ్ణి తిడుతుంది. కోపం తెచ్చుకున్నవాళ్లకి మాత్రం పేకాట బల్లలూ డబ్బు యావా గురించి రాసిన పేజీలే కనిపించాయి. వాళ్లది వట్టి ఉడుకుమోత్తనం అని కొట్టిపారెయ్యను. యూదుల రూపురేఖల గురించి, 'జాతి లక్షణాల' గురించి లెవీ రాసిన కొన్ని వాక్యాలు ఇప్పుడు చదివితే నాకే చివుక్కుమంటుంది. పాత్రలు అన్నవి కొన్నయితే, కథ చెప్పే గొంతే అన్నవి కొన్ని. ఎలినార్ మార్క్స్ ఈ నవలని జర్మన్‌లోకి అనువదించింది. ఆస్కార్ వైల్డ్ అయితే ఒక్క మాట ఎక్కువ లేని పుస్తకం అని మెచ్చుకున్నాడు.

1889 సెప్టెంబరు 10న, ఇంకా 28 నిండకుండానే, లెవీ తన ప్రాణం తానే తీసుకుంది. కొత్త కవితా సంపుటి ప్రూఫులు అప్పుడే దిద్ది ఇచ్చింది. విమర్శలే చంపాయని కథ అల్లడం తేలిక, కానీ దిగులు ఆమెకి చిన్నప్పటినుంచీ ఉంది, చెవుడు కూడా ముదురుతోంది. యూదు ఆచారంలో లేకపోయినా దహనం చేసి, బూడిదని బాల్స్ పాండ్ యూదు శ్మశానంలో పూడ్చారు.

మూడేళ్లకి, 1892లో, ఇజ్రాయెల్ జాంగ్‌విల్ అనే లండన్ యూదు రచయిత 'చిల్డ్రన్ ఆఫ్ ది ఘెట్టో' నవల రాశాడు. అందులో ఒక విందు సీను ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న యూదు పెద్దమనుషులు, మన పరువు తీసిందంటూ ఒక కొత్త నవలని దుమ్మెత్తిపోస్తుంటారు. దాన్ని మగ పేరుతో రాసిన అమ్మాయి అదే బల్ల దగ్గర కూర్చుని అంతా వింటూ ఉంటుంది. ఆ అమ్మాయి పేరు కూడా ఎస్తరే.