పని చేస్తున్నవాళ్లకే బీమా పోయింది: మెడికెయిడ్ గొడవకు మూలం ఆర్కాన్సాస్‌లో ఉంది

అమెరికాలో పేదల తిండికీ వైద్యానికీ ఇచ్చే ప్రభుత్వ సాయానికి పని షరతు పెట్టడం మీద గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం ప్రకారం, పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికెయిడ్‌లో, 2010 నాటి ఒబామాకేర్ చట్టంతో విస్తరించిన భాగం కింద బీమా పొందుతున్న 19 నుంచి 64 ఏళ్ల వాళ్లు నెలకు 80 గంటలు పని చేస్తున్నట్టో, చదువుకుంటున్నట్టో, సమాజసేవ చేస్తున్నట్టో రుజువు చూపాలి. రాష్ట్రాలకు గడువు 2027 జనవరి 1. ఫుడ్ స్టాంపుల పథకం స్నాప్‌లో షరతు ముందునుంచే ఉంది. ఇప్పుడు దాన్ని 64 ఏళ్ల దాకా పెంచారు. మాజీ సైనికులకూ ఇల్లు లేనివాళ్లకూ 2023లో ఇచ్చిన మినహాయింపును తీసేశారు.

ఈ పథకాలు పుట్టింది 1960లలో. నేటి గొడవ అర్థం కావాలంటే 2018లో ఆర్కాన్సాస్‌లో ఏం జరిగిందో చూడాలి.

ఆ ఏడాది జనవరిలో, ట్రంప్ మొదటి ప్రభుత్వ హయాంలో, సీమా వర్మ ఆధ్వర్యంలోని కేంద్ర మెడికెయిడ్ విభాగం, పని షరతు పెట్టుకుంటే అనుమతిస్తామని రాష్ట్రాలకు లేఖ రాసింది. కెంటకీకి మొదట అనుమతి వచ్చినా అమలుకు ముందే కోర్టు ఆపేసింది. ఆర్కాన్సాస్‌లో మాత్రం జూన్‌లో నిజంగానే మొదలైంది. బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు తెలిసిన రాష్ట్రమే. కానీ దెబ్బ తగిలింది వాళ్లకు కాదు, కోళ్ల ప్లాంట్లలో, హోటళ్లలో గంటల లెక్కన పని చేసేవాళ్లకు.

లెక్క చెప్పే తీరు ఇలా ఉండేది. ముందు ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది, అందులో ఒక నంబరు. ఆ నంబరుతో, ఈమెయిల్‌తో వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవాలి. పోయిన నెల ఎన్ని గంటలు పని చేశారో ఈ నెల 5వ తేదీలోగా ఎక్కించాలి. ఫోన్‌లో చెప్తామంటే మొదట్లో కుదరదు. రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా వెబ్‌సైట్ మూసి ఉండేది. పగలంతా డ్యూటీలో ఉండి రాత్రి ఇంటికొచ్చే మనిషి ఎప్పుడు ఎక్కించాలి? ఏడాదిలో మూడు నెలల లెక్క తప్పితే ఆ సంవత్సరం ఆఖరు దాకా బీమా బంద్.

డిసెంబరు నాటికి 18,000 మందికి పైగా బీమా పోయింది. షరతు వర్తించినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరన్నమాట. కోర్టుకెక్కినవాళ్లలో ఒకాయన కోళ్ల ప్లాంటులో పనిచేసేవాడు, ఊపిరితిత్తుల జబ్బు మనిషి. ఒకసారి ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాడు. మందుల షాపుకు వెళ్తే గానీ బీమా పోయిన సంగతి తెలియలేదు. మందులు కొనలేక జబ్బు ముదిరింది, ఉన్న ఉద్యోగమూ పోయింది. పని చేయించడానికి తెచ్చిన నిబంధన పని చేస్తున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది.

వేలమందికి ఉద్యోగాలు దొరికాయని అప్పటి గవర్నర్ ఏసా హచిన్సన్ ప్రభుత్వం చెప్పుకుంది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు లెక్క తీస్తే ఉద్యోగాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో బీమా లేనివాళ్లు 10.5 శాతం నుంచి 14.5 శాతానికి పెరిగారు. షరతు పడినవాళ్లలో 95 శాతానికి పైగా అప్పటికే పని చేస్తున్నవాళ్లో, మినహాయింపు దక్కాల్సినవాళ్లో. మూడో వంతు మంది ఈ నిబంధన సంగతే వినలేదు.

సాయం తీసుకునేవాళ్లు కష్టపడాలనడం వినడానికి సబబుగానే ఉంటుంది. 1996లో ఫుడ్ స్టాంపులకు గట్టి షరతు తెచ్చినప్పుడు జాన్ కేసిక్ లాంటి రిపబ్లికన్ నేతలు అదే వాదించారు. పిల్లలు లేని, ఒంట్లో సత్తువ ఉన్న పెద్దవాళ్లు వారానికి 20 గంటలు పని చేయకపోతే మూడేళ్లలో మూడు నెలలకే సాయం. పని దొరకనివాళ్లకు రాష్ట్రం పని చూపించి తీరాలని మాత్రం చట్టంలో రాయలేదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీలో, అడిగినవాళ్లకు పని చూపించే బాధ్యత ప్రభుత్వానిది, చూపించలేకపోతే భృతి ఇవ్వాలి. అమెరికా షరతులో భారమంతా పేదవాడి మీదే.

ఆర్కాన్సాస్ షరతును 2019 మార్చిలో జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ కొట్టేశారు. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. ఆ తీర్పు రాసిన డేవిడ్ సెంటెల్, ట్రంప్ పార్టీకే చెందిన మాజీ అధ్యక్షుడు రీగన్ నియమించిన జడ్జి కాబట్టి ఇది పార్టీల గొడవ అని కొట్టిపారేయడం కుదరదు. మెడికెయిడ్ ఉన్నదే వైద్య బీమా ఇవ్వడానికి, ఎంతమందికి బీమా పోతుందో చూడకుండా అనుమతి ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. పేదల తరఫు లాయర్లు ఇక్కడితో ఈ షరతుకు కాలం చెల్లిందనుకున్నారు. షరతు కావాలన్నవాళ్లకు మాత్రం వేరే దారి కనిపించింది. అధికారులు సొంతంగా పెడితే చెల్లదని కదా కోర్టు అంది, చట్టంలోనే రాస్తే? 2025లో సరిగ్గా అదే చేశారు. సెనేట్‌లో 50-50 వస్తే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కించారు. పాత తీర్పులను నమ్ముకుని కోర్టుకు వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది.

ఈసారి జాగ్రత్తలు తీసుకున్నామని మద్దతుదారులు అంటున్నారు. వీలైనచోట జీతాల డేటాను రాష్ట్రమే చూసుకోవాలని, తీసేసేముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ పదేళ్లలో ఈ షరతు వల్ల సుమారు 32,600 కోట్ల డాలర్లు మిగులుతాయని అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) బడ్జెట్ ఆఫీసు లెక్క కట్టింది. జనానికి బీమా పోకుండా అంత డబ్బు ఎలా మిగులుతుంది? 2034 నాటికి ఈ ఒక్క షరతు వల్లే 53 లక్షల మందికి బీమా ఉండదని అదే ఆఫీసు అంచనా. పైగా పని షరతు కింద మెడికెయిడ్ పోయినవాళ్లు ఒబామాకేర్ కింద నడిచే ప్రైవేటు బీమా మార్కెట్‌లో బీమా కొనుక్కుందామన్నా సబ్సిడీ రాకుండా కొత్త చట్టం కట్టడి చేసింది.