ఉదజనిలో దాగిన గ్రీకు క్రియ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీ పాఠ్యపుస్తకంలోని హైడ్రోజన్‌ను నేను ఉదజని అంటే, అదేం పేరని అడిగారు. మా బడిలో ఆ వాయువుకు అదే పేరు. దాని సంగతి తెలియాలంటే ముందుగా గెన్నావో అనే ప్రాచీన గ్రీకు క్రియను తెలుసుకోవాలి.

గ్రీకులో పుట్టడాన్ని గిగ్నొమై అంటారు; పుట్టించడాన్ని, కనడాన్ని గెన్నావో అంటారు. ఈ రెండో క్రియను తల్లికీ వాడతారు గాని, తండ్రి విషయంలోనే ఎక్కువ. మత్తయి సువార్త మొదట్లో తెలుగు బైబిలు "అబ్రాహాము ఇస్సాకును కనెను" అన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది ఈ క్రియే. మన వాడుకలో కనేది తల్లి కనుక చిన్నతనంలో ఆ వాక్యం నాకు వింతగా తోచేది.

ఈ క్రియకు మూలమైన "గెన్" ధాతువే సంస్కృతంలో "జన్". గ్రీకు, సంస్కృతాలు ఒకే మూలభాషనుంచి వచ్చి ఉంటాయని 1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న సంస్కృత పండితుడు విలియం జోన్స్ అన్నాడు. ఆ మూలభాషలోని ఒక ధ్వని గ్రీకులో గకారంగా నిలిచి, సంస్కృతంలో జకారమైంది. అక్కడి ఎకార ఒకారాలు ఇక్కడ అకారమయ్యాయి. అందుకే వంశమనే అర్థంలో గ్రీకులు గెనొస్ అంటే సంస్కృతంలో జనస్ అన్నారు. తండ్రి వారికి గెనెతోర్, ఇక్కడ జనితా. మనం రోజూ పలికే జన్మ, జనని, జనకుడు ఆ కుటుంబంలోవే. కనడం, పుట్టడం మాత్రం అచ్చ తెలుగు మాటలు, వాటికి ఈ చుట్టరికం లేదు.

ఇక వాయువు సంగతి. 1787లో లవోయిజే, మరి ముగ్గురు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు పదార్థాలకు కొత్త పేర్లు ప్రకటించినప్పుడు, మండితే నీరు పుడుతుంది కనుక ఈ వాయువుకు "నీటిని పుట్టించేది" అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో పేరు కూర్చారు. ఆ అర్థాన్నే సంస్కృతంలోకి తెస్తే ఉదజని అయింది. గెన్, జని ఒకటేనని చూశారు కదా; నీటికి గ్రీకు మాటైన హ్యుదోర్, మన ఉదకం కూడా ఒకే మూలంనుంచి వచ్చినవే! అంటే రెండు పేర్లూ మొదటి భాగంలోనూ రెండో భాగంలోనూ సోదరులే. నాకు ఇంతకంటే ముచ్చటైన అనువాదం మరొకటి కనబడలేదు.

ఆక్సిజన్‌కు "ఆమ్లాన్ని పుట్టించేది" అనే అర్థంలో ఆమ్లజని అన్న పేరు కూడా అలాగే వచ్చింది, అయితే ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందన్న లవోయిజే పొరపాటు ఆ పేరుతోపాటే తెలుగులోకి వచ్చేసింది. 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్సెన్ జీన్ అని పేరు పెట్టినదాన్ని మీరు జన్యువు అని చదువుతున్నారు. అక్కడా ఈ ధాతువే ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య