రూటర్ గురించి ప్రతి ఇంట్లో వినే అపోహలు, అసలు వాస్తవాలు

తెనాలి చుట్టుపక్కల ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు బిగించడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. రోజుకి నాలుగైదు ఇళ్ళు తిరుగుతాను, ఏ ఇంటికెళ్ళినా రూటర్ గురించి ఏదో ఒక గట్టి నమ్మకం వినపడుతుంది. చాలామంది ముట్టుకోకూడనిది ముట్టుకుంటారు, తప్పనిసరిగా మార్చుకోవాల్సినదాన్ని మాత్రం కనెక్షన్ ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే వదిలేస్తారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: నెట్ ఆగిపోతే రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చితే సరి.

వద్దండీ. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ వేస్తే అది రీస్టార్ట్. పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టుకుంటే అది రీసెట్. రీసెట్ చేస్తే మీ కనెక్షన్ యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (మీ లైనుకి నెట్ కంపెనీ ఇచ్చే సంఖ్య), వైఫై పేరు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, అవి మళ్ళీ ఎక్కించేదాకా చాలా కనెక్షన్లలో నెట్ రాదు. ఒక ఇంట్లో అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు సాయంత్రం నెట్ పోయింది. బాక్స్ మీద లాస్ లైట్ ఎర్రగా కొట్టుకుంటోంది, అంటే ఫైబర్‌లో సిగ్నలే రావట్లేదని. వీధి చివర స్తంభం దగ్గర తీగ తెగింది, రూటర్ తప్పేమీ లేదు. కానీ టెన్షన్‌లో వాళ్ళ నాన్నగారు మూడుసార్లు రీసెట్ కొట్టారు. తీగ అతికించాక కూడా నెట్ రాలేదు, సెట్టింగులు మళ్ళీ ఎక్కించడానికి ఇంకో గంట పట్టింది. చివరికి నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఆప్షన్లు సేవ్ చేయించాను. కాబట్టి ఎర్ర లైటు కనపడితే కంప్లైంట్ పెట్టండి, బాక్స్‌ని ముట్టుకోవద్దు. లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ రాకపోతే ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడండి. అంతకన్నా ముందు, నెట్ బాగున్న రోజునే రూటర్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు కనెక్షన్) సెట్టింగుల పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

అపోహ: వైఫై పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకున్నాం, ఇక భయం లేదు.

రూటర్‌కి తాళాలు రెండు. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపు తాళం, అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో, 192.168.0.1 అనో కొడితే తెరుచుకునే పేజీ ఉంది చూశారా, దాని పాస్‌వర్డ్ నేను చూసిన చాలా ఇళ్ళలో ఇప్పటికీ అడ్మిన్ అనే ఉంటుంది. మీ వైఫై వాడుకునే పైపోర్షన్ వాళ్ళయినా, పండక్కి వచ్చిన చుట్టాల పిల్లలయినా ఆ పేజీలోకి వెళ్ళగలరు. వెళ్ళినవాళ్ళు డీఎన్‌ఎస్ మార్చేస్తే ఏమవుతుందో తెలుసా? మీరు కొట్టిన పేరుకి ఏ నంబరు దగ్గరికి వెళ్ళాలో చెప్పేది డీఎన్‌ఎస్సే. బ్యాంకు పేరు కొడితే నకిలీ పేజీకి తీసుకెళ్ళొచ్చు. బ్రౌజర్ సర్టిఫికెట్ సరిగ్గా లేదని హెచ్చరిస్తుంది, కానీ కంగారులో దాన్ని దాటి ముందుకు వెళ్ళేవాళ్ళని నా కళ్ళతో చూశాను.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. ఆ పేజీలోనే రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి రూటర్ సెట్టింగుల్లోకి వచ్చే దారి, ఆపేయండి. వైఫై సెక్యూరిటీ రకం దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. పాతకాలపు డబ్ల్యూఈపీ తప్ప ఇంకేదీ లేకపోతే ఆ రూటర్ తీసేయాల్సిందే, దాన్ని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. కొన్ని కంపెనీలు కస్టమర్‌కి సగం అధికారాలున్న లాగిన్ మాత్రమే ఇస్తాయి, అలాంటప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి వాళ్ళ చేతే మార్పించుకోండి.

అపోహ: వైఫై పేరు కనపడకుండా దాచేస్తే ఎవరికీ దొరకదు.

మామూలు లిస్టులో కనపడదు, అంతే. సిగ్నల్ గాలిలో ఉంటూనే ఉంటుంది, ఉచితంగా దొరికే స్కానింగ్ యాప్ దాన్ని పట్టేస్తుంది. పైగా దాచిన పేరుని వెతుక్కుంటూ మీ ఫోనే వెళ్ళిన ప్రతిచోటా ఆ పేరుని పిలుస్తుంది. దాని బదులు డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో, పిన్‌తోనో వైఫై కలిపే సదుపాయం) ఆపండి, నిజంగా పనికొస్తుంది. ఆ ఎనిమిది అంకెల పిన్‌ని రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, ఆఖరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టి వచ్చేదే. అంటే పది కోట్లు కాదు, పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఈ సంగతి 2011లోనే బయటపడింది.

అపోహ: పిల్లాడి ఫోన్‌ని రూటర్‌లో బ్లాక్ చేస్తే సమస్య తీరిపోతుంది.

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగేది అమ్మలే. "బాబూ, పదో తరగతి, రాత్రి పది దాటితే వాడికి నెట్ రాకుండా చెయ్యి" అని ఒకావిడ అడిగితే, ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్ (రూటర్ ఫోన్‌ని గుర్తుపట్టే సంఖ్య) బ్లాక్ చేసి వచ్చాను. బండి వీధి మలుపు తిరిగేలోపే ఆవిడ ఫోన్: "వాడు మళ్ళీ చూస్తున్నాడు!" వెనక్కెళ్ళి చూస్తే, అబ్బాయి వైఫై సెట్టింగుల్లో రాండమైజ్డ్ మ్యాక్ తీసేసి ఫోన్ మ్యాక్ పెట్టుకున్నాడు. రూటర్‌కి అది కొత్త ఫోన్. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు మామూలుగానే మారు అడ్రసుతో కలుస్తాయి. అది మన ప్రైవసీ కోసం వచ్చిన మంచి సదుపాయం, కాకపోతే మ్యాక్ బ్లాక్ మీద పెట్టుకున్న నమ్మకం ఇక చెల్లదు.

ఇప్పుడు నేను చేసేది వేరు. పిల్లలకి వేరే పేరుతో ఇంకో వైఫై పెట్టి, దానికి మాత్రమే టైమ్ షెడ్యూల్ పెడతాను. పెద్ద వైఫై పాస్‌వర్డ్ మార్చి అమ్మానాన్నలకే చెప్తాను. అమ్మ ఫోన్ లాక్ లేకుండా ఉంటే మాత్రం ఇదంతా వృథా, ఎందుకంటే ఆ ఫోన్‌లో షేర్ నొక్కి క్యూఆర్ స్కాన్ చేసుకుంటే పాస్‌వర్డ్ రెండు సెకన్లలో పిల్లాడి చేతిలో ఉంటుంది. ఇంకొక్కటి, రూటర్ గడియారం చూడండి. ఒక ఇంట్లో షెడ్యూల్ రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు వరకూ పెట్టి ఉంది, కానీ ఉదయం పదిన్నర దాకా నెట్ రావట్లేదని గొడవ. రూటర్ టైమ్ గ్రీనిచ్ లెక్కలో ఉంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. దాని పది అంటే మనకి తెల్లవారుజాము మూడున్నర! టైమ్‌జోన్ మార్చగానే సర్దుకుంది.

చెడ్డ సైట్లు ఆపాలంటే డీఎన్‌ఎస్ దగ్గర క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.3 పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ వేరేది పెట్టుకున్నా, సిమ్‌లో డేటా ఉన్నా రూటర్ ఏమీ చేయలేదు. ఆ మాట తల్లిదండ్రులకి ముందే చెప్తాను, సెట్టింగులతో పాటు పిల్లాడితో కూర్చుని మాట్లాడమనీ చెప్తాను.

అపోహ: గూగుల్ వాళ్ళ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే స్పీడ్ పెరుగుతుంది.

ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే అది 100కే ఉంటుంది. పాత డీఎన్‌ఎస్ మందకొడిగా ఉంటే పేజీ తెరుచుకోవడం కాస్త త్వరగా మొదలవుతుంది, అంతే.

అపోహ: రూటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిస్తే అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంటి కెమెరా చూసుకోవచ్చు.

మొదట రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు మీ రూటర్ అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచుతోందని అర్థం, మీరు ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. ఇక నిజంగా పబ్లిక్ ఐపీ ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్), తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టెలు), రూటర్లలోకి లక్షల సంఖ్యలో దూరింది. అరవై పైచిలుకు మామూలు పాస్‌వర్డ్‌ల జాబితా ఒక్కటే దాని ఆయుధం.

ఈమధ్య ఒక పెద్దాయన ఇంట్లో చూశాను, కెమెరా బిగించినవాళ్ళెవరో డీవీఆర్‌ని డీఎంజెడ్‌లో పెట్టి వెళ్ళారు. అంటే బయటి నుంచి వచ్చే దారులన్నీ దానికే తెరిచి ఉన్నాయి. డీవీఆర్ పాస్‌వర్డ్ 123456. హాలు, వరండా రెండూ అందులో కనపడతాయి. డీఎంజెడ్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, కెమెరా కంపెనీ యాప్‌లో డల్లాస్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి షేర్ చేయించాను, పోర్టులతో పనే లేకుండా వీడియో వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ మర్చిపోతానేమో అని ఆయన స్కెచ్ పెన్నుతో రాసి రూటర్ మీద అంటించబోయారు. "వద్దు బాబాయ్ గారూ, ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా ఫోటో తీసుకోగలరు" అని ఆపి, ఆ కాగితాన్ని కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టించి వచ్చాను.