శ్వేత కుబ్జాలన్నీ 1.4 దగ్గరే పేలుతాయా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక విద్యార్థి, శ్వేత కుబ్జాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల) పేలుళ్ల మీదున్న తన పరిశోధనాంశం మార్చుకుంటానని వచ్చాడు. "శ్వేత కుబ్జం జంట నక్షత్రం నుంచి పదార్థం లాక్కుంటుంది, సూర్యుడికి 1.4 రెట్ల బరువు రాగానే పేలుతుంది. అంతా తెలిసిపోయింది కదండీ, ఇక చేయడానికి ఏముంది?" అన్నాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అతని తప్పు లేదు, పుస్తకంలో అలాగే చదువుకున్నాడు.

అపోహ: అన్నీ చంద్రశేఖర్ పరిమితిని (సూర్యుడికి 1.4 రెట్ల బరువును) తాకి, ఒకే తీరున పేలుతాయి.

వాస్తవం: ఎలక్ట్రాన్ల ఒత్తిడి ఎంత బరువు దాకా నక్షత్రాన్ని మోయగలదో చెప్పే హద్దు అది, అంతే. పుస్తకాల్లోని దారిలో కూడా ఆ హద్దుకు కాస్త ఇవతలే, కేంద్రంలో కార్బన్ అంటుకుంటుంది. అసలు ఆ దరిదాపులకు రాకుండానే పేలే దారులూ ఉన్నాయి. పైన పేరుకున్న హీలియం పొర ముందు పేలి, ఆ ఆఘాత తరంగం లోపలి కార్బన్‌ను పేల్చవచ్చు. రెండు శ్వేత కుబ్జాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ పేలవచ్చు. మొదటి నెల వెలుగులో ఇవన్నీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే పైపొరలు పలచబడి లోపలిది బయటపడే దాకా నెలల తరబడి ఆగాలి.

లోపల వెతికేది నికెల్. 1.4 దాకా వచ్చిన నక్షత్రం కేంద్రంలో సాంద్రత ఘన సెంటీమీటరుకు వంద కోట్ల గ్రాములు దాటుతుంది. ఆ ఒత్తిడిలో ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను మింగి న్యూట్రాన్లవుతాయి, అక్కడ స్థిరమైన నికెల్-58 బాగా తయారవుతుంది. సూపర్నోవాను, అంటే ఈ నక్షత్ర పేలుడును, వెలిగించే నికెల్-56 వేరు. అది ఆరు రోజులకోసారి సగమవుతూ పోతుంది. 300 రోజుల్లో దాదాపు 49 సార్లు సగమైతే ఇక మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి ఏడాది తరువాత కూడా నికెల్ కనిపించిందంటే అది పేలుడులో పుట్టిన స్థిర నికెలే.

శకలాలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి కనుక వర్ణపటంలో (రంగులుగా విడదీసిన కాంతిలో) ఒక్కో మూలకాన్ని పట్టిచ్చే ప్రతి రేఖా వెడల్పుగా సాగుతుంది. కంటికి కనిపించే కాంతిలో నికెల్ రేఖ పక్కనున్న ఇనుము, కాల్షియం రేఖల్లో కలిసిపోతుంది. పరారుణంలో రేఖలు ఎడంగా ఉంటాయి. అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సూపర్నోవా ఎస్‌ఎన్ 2021ఏఈఎఫ్‌ఎక్స్‌ను గరిష్ఠ ప్రకాశం తరువాత 255 రోజులకు చూసినప్పుడు, స్థిర నికెల్ రేఖలు ఆ వర్ణపటంలో విడివిడిగా నిలబడ్డాయి. ఎస్‌ఎన్ 2022పీయూఎల్‌లో మరో కథ: 12.81 మైక్రాన్ల దగ్గర నియాన్ రేఖ. రెండు శ్వేత కుబ్జాలు కలిసిపోయిన పేలుడుకు అది సరిపోతుంది. ఈ రెండు వర్ణపటాలనూ పక్కపక్కన పెట్టి ఆ విద్యార్థికి చూపించాను. చాలాసేపు మాట్లాడకుండా చూశాడు.

నికెల్ కనిపించగానే తీర్పు చెప్పడం మాత్రం తొందరపాటు. నక్షత్రం పుట్టుకలోనే భార మూలకాలు ఎక్కువుంటే, తక్కువ బరువు పేలుళ్లలోనూ నికెల్-58 కొంత పెరుగుతుంది. నేల మీది టెలిస్కోపులకు ఇంకో చిక్కు. అక్కడ మనం చూసే నికెల్ రేఖ 1.94 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, మన వాతావరణంలోని నీటి ఆవిరి కాంతిని మింగేసేదీ సరిగ్గా అక్కడే. ఒక రాత్రి నాకు ఆ చోట చక్కటి ఉబ్బు కనిపించింది. రెండు రోజులు ఆ ఆనందంలోనే ఉన్నాను. ఆవిరి ప్రభావం తీసేయడానికి చూసిన ప్రామాణిక నక్షత్రం గంటన్నర ముందుది, ఈలోగా గాలిలో తేమ మారిపోయింది. సూపర్నోవా తరువాత వెంటనే తీసిన మరో నక్షత్రంతో సరిచేస్తే ఉబ్బు మాయమైంది. అప్పటి నుంచి ముందొకటి, వెనుకొకటి, ఆకాశంలో అదే ఎత్తులో ఉన్న ప్రామాణిక నక్షత్రాలు లేకుండా ఆ రేఖను నేను నమ్మను.

"అన్నీ ఒకటే" అనే నమ్మకం వల్ల జరిగే నష్టం ఇదీ: గరిష్ఠ ప్రకాశం దాటగానే పని అయిపోయిందనుకుని టెలిస్కోపులు మరోవైపు తిప్పేస్తారు. ఏడాది తరువాత తీయాల్సిన వర్ణపటం తీయకపోతే ఆ సూపర్నోవాకు అది ఇక ఎప్పటికీ రాదు.

అపోహ: పరారుణమంటే వేడి, చల్లారే నిప్పును కొలవడమే.

వాస్తవం: ఆలస్య దశలో మనం చూసేది అయాన్ల రేఖలను. ఏ మూలకం, ఎంత వేగంతో, ఏ లోతున ఉందో అవే చెబుతాయి.

అపోహ: పరారుణం ధూళిని దాటి చూడటానికే.

వాస్తవం: అదీ నిజమే, ఎం82 గెలాక్సీలోని సూపర్నోవా 2014జెకు బాగా పనికొచ్చింది. కానీ ధూళి లేకపోయినా పరారుణం కావాలి. మామూలు టైప్ 1ఏ సూపర్నోవా (శ్వేత కుబ్జం పేలుడుకు పేరు అదే) పరారుణంలో మూడు నాలుగు వారాల తరువాత రెండోసారి వెలుగు పుంజుకుంటుంది. చల్లబడుతున్న ఇనుము అయాన్లు ఒక్కో ఎలక్ట్రాన్‌ను తిరిగి పట్టుకునే సమయమది.

అపోహ: దగ్గర్లోని శ్వేత కుబ్జం పేలి భూమి నాశనమవుతుంది.

వాస్తవం: ఈ వదంతి పుట్టించేవారి మీద నాకు కోపం. నిద్ర పట్టడం లేదని రాసేవారి మీద లేదు, వారికి ఓపికగానే జవాబిస్తాను. ఈ వదంతుల్లో వినిపించే టీ కరోనా బొరియాలిస్ అనే శ్వేత కుబ్జపు జంట సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1866లో, 1946లో వెలిగింది కూడా. అది నోవా: ఉపరితలంపై చేరిన హైడ్రోజన్ మండుతుంది, నక్షత్రం అలాగే ఉంటుంది. అలాంటిదే మరో జంట ఐకే పెగాసీ దాదాపు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో శ్వేత కుబ్జానికి తోడున్న నక్షత్రం ముందు ఉబ్బి పెద్దదవ్వాలి, దానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఆ జంట మన నుంచి దూరంగా వెళ్లిపోతుంది.