జమ్ములో ఒకటి, ఆకుల్లో ఒకటి

విశాఖపట్నం దగ్గరి మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ అంచున జమ్ము, రెల్లు గుబురుగా పెరిగిన చోట వానాకాలం పొద్దున్నే ఓ అరగంట కదలకుండా కూర్చోండి. బొటనవేలంత ఒళ్లు, దానికి పొడుగాటి తోక ఉన్న పిట్టలు కాడల మధ్య అటూ ఇటూ దూకుతుంటాయి. అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ అక్కడున్నవి రెండు రకాలు: యాషీ ప్రీనియా, ప్లెయిన్ ప్రీనియా. రెండూ సుమారు 13 సెంటీమీటర్లే, రెండూ తోక నిక్కించి ఆడిస్తాయి. శాస్త్రీయ నామాలు పెట్టింది కూడా ఒక్కరే, దక్కన్‌లో పక్షుల్ని సేకరించిన విలియం హెన్రీ సైక్స్ అనే సైనికాధికారి, అదీ ఒకే ఏడాది, 1832లో.

యాషీకి వీపు బూడిద రంగు, పొట్ట లేత గోధుమ ఎరుపు. ప్లెయిన్‌ది ఎండుగడ్డి రంగు, కంటి పైన తెల్లటి కనుబొమ్మ. కానీ ఎదురెండలో, గాలికి ఊగే కాడల్లో రంగులు సరిగ్గా తెలియవు, చెవిని నమ్ముకోవడమే మేలు. ప్లెయిన్ ట్లిక్ ట్లిక్ ట్లిక్‌మని ఏదో పురుగు అరిచినట్టు ఆపకుండా పాడుతుంది. యాషీది జిమ్మీ జిమ్మీ అన్నట్టుంటుంది, పైగా అది తత్తరపడుతూ ఎగిరేటప్పుడు కరెంటు వైరు చిటపటలాడినట్టు చప్పుడొస్తుంది. అది రెక్కల్లోంచి వస్తుందని చాలామంది అంటారు, ముక్కుతో చేస్తుందన్నవాళ్లూ ఉన్నారు.

అసలు తేడా మాత్రం గూడులోనే. యాషీ పొదల్లో, నేలకి దగ్గరగా, ఆకుల్ని సాలీడు దారంతో కలిపి కుడుతుంది. ప్లెయిన్ గడ్డి పోచల్ని సన్నగా చీల్చి నిలువు కాడల మధ్య సంచిలా అల్లుతుంది. గుడ్లకీ పోలికే లేదు: ప్లెయిన్‌వి లేత నీలం మీద గోధుమ రంగు మచ్చలు, గీతలు. గాలివానకి పడిపోయిన యాషీ గూటి పక్కన ఒకసారి పెంకు ముక్క దొరికింది నాకు, అచ్చం కుండపెంకు ఎరుపు, నూనె రాసినట్టు మెరుస్తోంది, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను.

అందుకే గెడ్డల (వాగుల) పక్కన రెల్లు కోసి తగలబెట్టి క్లీన్ చేశామంటే నా మనసు ఒప్పదు. యాషీ మన కాలనీల్లో ఏ పూలమొక్కల గుబురులోనో సర్దుకుంటుంది. ప్లెయిన్‌కి ఎక్కువగా ఆ గడ్డే ఇల్లు. వానలు పడి గూళ్లు కట్టే ఆ నాలుగు నెలలైనా అక్కడ కొడవలి పెట్టకండి.