రేడియో నుంచి ట్యాబ్ దాకా: పిల్లల నోటికి అందని ఇంగ్లీషు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. నెట్ లేని ఊళ్లో కూడా చూసుకునేలా ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. మరుసటి ఏడాది అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరి, ఆ సంస్థ పెట్టే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష టోఫెల్‌కు మూడో తరగతి నుంచే శిక్షణ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక టోఫెల్ ఆగిపోయింది. అదే ఏడాది జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అప్పటినుంచి ఎవరు మేలు చేశారు, ఎవరు డబ్బు వృథా చేశారు అన్న వాదనే ఎక్కువగా వినిపిస్తోంది. ఆ ట్యాబు పట్టుకున్న పిల్ల ఇంగ్లీషులో నాలుగు మాటలు ధైర్యంగా చెప్పగలుగుతోందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఈ ప్రశ్న ట్యాబులతో పుట్టింది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లలో టీవీ పాఠాలు చూపించారు. అందులో మన పల్లెలూ ఉన్నాయి. ఊరి టీవీ ముందు పిల్లలు వరసగా కూర్చుని చూశారు. తర్వాత ఆకాశవాణిలో 'విందాం-నేర్చుకుందాం' రేడియో పాఠాలు వచ్చాయి. 2004లో శ్రీహరికోట నుంచి చదువుల ఉపగ్రహం ఎడ్యుశాట్‌ను పంపాక 'మన టీవీ' పాఠాలు బడులకు చేరాయి. ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేసినవే. టీచరు లేని బడికి రేడియో గొంతు ఎంత ఆసరానో పల్లెలో చదువుకున్నవాళ్లకు తెలుసు. కానీ రేడియోకైనా టీవీకైనా పిల్లాడు తిరిగి ఏమన్నాడో వినపడదు. భాష రావాలంటే నోరు తిరగాలి. తప్పు పలికితే చెప్పేవాళ్లుండాలి.

ఆ పని యంత్రం చేయగలదేమో అని మొదట్లో చూసిన ప్రయోగాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. విద్యా పరిశోధకులు సుగతా మిత్రా, జేమ్స్ టూలీ బృందం 16 మంది పిల్లలకు కంప్యూటర్ ఇచ్చింది. అందులో మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. ముందే దాన్ని మంచి ఉచ్చారణ ఉన్నవారి గొంతుకు అలవాటు చేశారు. పిల్లలు చదివింది అర్థమయ్యేలా ఉంటే తెరపై సరైన మాట పడేది, లేకపోతే ఇంకేదో పడేది. పెద్దల జోక్యం దాదాపు లేదు. పిల్లలే ఒకరినొకరు చూసుకుంటూ మళ్లీ మళ్లీ పలికారు, ఉచ్చారణ మెరుగైంది. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మందితో పెద్ద మాటలు చెప్పలేం, నిజమే. అయినా యంత్రం విని, పిల్లలు మాట్లాడిన సందర్భం అది. దాన్ని వందల బడులకు తీసుకెళ్లి చూడాల్సింది. ఆ అవకాశం వదులుకున్నామనే నా బాధ.

బదులుగా గొడవంతా మీడియం చుట్టూ తిరిగింది. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు పెట్టారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా అంతా ఇంగ్లీషు మీడియమే అని జీవో 85 వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు మాత్రం పిల్లలకు నిజంగా పనికొచ్చాయి. తెలంగాణ కూడా 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది.

ఇప్పుడు హైదరాబాద్ ప్రయోగానికి వాడినటువంటి పరిజ్ఞానం మామూలు ఫోన్‌లోకి వచ్చేసింది. గూగుల్ 2019లో 'బోలో'గా తెచ్చి, తర్వాత 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చిన యాప్ పిల్లలు పైకి చదువుతుంటే వింటుంది, తడబడితే ఆ మాట పలికి చూపిస్తుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, తెలుగులోనూ ఉంది. అయితే నలభై మంది ఒకే గదిలో ఒకేసారి చదివితే ఏ మైకూ ఏ గొంతునూ పట్టుకోలేదు. టీచరు ఒక్కొక్కరితో మాట్లాడిద్దామన్నా, నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరి వంతు ఒక నిమిషం, అది కూడా హాజరు వేయకుండా ఉంటే. నలుగురైదుగురికి ఒక ట్యాబు ఇచ్చి వరండాలో, చెట్టు కింద వంతులవారీగా కూర్చోబెట్టాలి. అందుకు టైమ్‌టేబుల్‌లో చోటు కావాలి. పదో తరగతి పబ్లిక్‌లో ఇంగ్లీషు మొత్తం రాతపరీక్షే కాబట్టి, సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచరుకు ఆ చోటు దొరకడం లేదు.